సంతకం కింద రెండు వరుసలు

2022 సెప్టెంబర్. సింగపూర్‌లో నేను ఇంటర్‌ప్రెటర్ పని మొదలుపెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లు. తెలుగు తప్ప మరో భాష రాని మనిషికీ, తెలుగు రాని లాయరుకో డాక్టరుకో మధ్య కుర్చీ వేసుకుని కూర్చోవడం నా ఉద్యోగం. తువాస్ షిప్‌యార్డుల్లో దెబ్బలు తగిలిన వెల్డర్లు, ఓడ దిగి కేసుల్లో ఇరుక్కున్న నావికులు, ఆపరేషన్ అంటే ఏం కోస్తారో తెలియక వణికిపోయే పెద్దవాళ్లు, అందరూ నా నోటితోనే మాట్లాడేవారు. మా బందరులో పూర్వం ఈ పని చేసేవాళ్లని దుబాసీలు అనేవారు. మా ఆయనకు నా మీద కోపమొస్తే ఇప్పటికీ "దుబాసమ్మా" అనే పిలుస్తాడు.

ఈ పనిలో రెండు సూత్రాలున్నాయి. మొదటిది, ఎదుటివాడు "నేను" అంటే నేనూ "నేను" అనాలి. "అతను ఇలా అంటున్నాడు" అనకూడదు. ఒక్క మాట చేర్చకూడదు, ఒక్క మాట మింగకూడదు. రెండోది రీడ్ బ్యాక్. అంటే సాక్షి చెప్పినదంతా టైపు అయ్యాక, ఆ స్టేట్‌మెంటును మొదటి అక్షరం నుంచి చివరిదాకా మళ్లీ అతని భాషలో చదివి వినిపించడం. అతను "సరే" అన్నాకే సంతకం. దాని కింద "పూర్తిగా చదివి వినిపించాను" అని నా సంతకం.

రీడ్ బ్యాక్ నాకు కొత్త కాదు. మా నాన్న బందరు రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరి. పొలం అమ్మేవాడికి దస్తావేజు మొత్తం చదివి వినిపించి, "ఏం అర్థమైందో నీ నోటితో చెప్పు" అనేవాడు. చెప్పలేకపోతే వేలిముద్ర వేయనిచ్చేవాడు కాదు. బయట అతన్ని ఊరికి తీసుకెళ్లాల్సిన బండివాడు తొందరపెడుతూ అరుస్తున్నా సరే. పాత దస్తావేజుల్లోని గొలుసుకట్టు రాత, అంటే కలం ఎత్తకుండా ఒక అక్షరాన్ని ఇంకోదానికి తగిలించి రాసే రాత, చదవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇంత చెప్పుకుంటున్నాను కదా, మరి పంతొమ్మిదేళ్లలో ఎప్పుడూ తప్పు చేయలేదా అంటే, చేశాను. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఆ నెలలో ఒకరోజు హ్వీ మిన్ అనే చరిత్ర పరిశోధకురాలు ఫోన్ చేసింది. ముప్పై అయిదేళ్ల పిల్ల, యూనివర్సిటీలో పని, డచ్చి భాష చదవడం వచ్చు. నాతో తరచూ పని చేయించుకునే ఆల్విన్ అనే లాయరు నా పేరు చెప్పాడట.

"ఆంటీ, మీరు ఓడ కేసులు చేస్తారంట కదా. నా దగ్గర కూడా ఒక ఓడ కేసు ఉంది. కొంచెం పాతది."

"ఎంత పాతది?"

"పదిహేడో శతాబ్దం లాహ్" అంది, మాట చివర సింగపూర్ వాళ్ల సాగదీతతో.

నవ్వొచ్చింది. సరేనని మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. పెద్ద స్క్రీన్ మీద గోధుమరంగు కాగితాల ఫోటోలు తెరిచింది. బందరు నుంచి బట్టల మూటలతో బయల్దేరిన ఒక వర్తకపు ఓడ మీద ఈ సింగపూర్ జలసంధిలోనే దాడి జరిగిందట. ప్రాణాలతో మిగిలినవాళ్లని దగ్గర్లోని రేవు కోర్టులో విచారించారు. ఆ సాక్ష్యాలే ఈ కాగితాలు. రేవు పేరు నేను చెప్పను, ఆ అమ్మాయి పుస్తకం ఇంకా అచ్చు కాలేదు.

"మీకు పెద్ద పనేం లేదు ఆంటీ. ఈ పేజీ చివర సాక్షి సంతకం ఉంది. పేరు ఎలా పలకాలో చెప్తే చాలు. ఎగ్జిబిషన్‌లో లేబుల్ మీద వేస్తాను."

ఒక్క పేరు చదవడానికి మా ఇల్లున్న బిషాన్ నుంచి రెండు ట్రైన్లు మారి రప్పించిందా అనుకున్నాను. అయినా ఊరుకునే మనిషిని కాను కదా. "ముందు పైన ఏముందో చెప్పు, ఏం చెప్పాడో తెలియకుండా నేను ఎవరి సంతకమూ చూడను" అన్నాను. ఆ అమ్మాయి డచ్చిలో చదువుతూ ఇంగ్లీషులో చెప్పుకుంటూ వెళ్లింది.

సాక్షి బట్టల మూటల వెంట వచ్చిన గుమాస్తా. ఆ ఓడకు ఇరుకు నీళ్లలో దారి చూపడానికి ఒక స్థానికుణ్ణి పైలట్‌గా కుదుర్చుకున్నారు. పైలట్ చిన్న దోనెలో ముందు వెళ్తూ నీటి లోతు కొలుస్తున్నాడు, ఓడ వెనకాల వస్తోంది. గుమాస్తా చెప్పినట్టు కోర్టువారు రాసుకున్నది ఇదీ: పైలట్ దోనెలో లేచి నిలబడి తెల్లగుడ్డ తల మీద తిప్పాడు. ఆ తర్వాత దీవి చాటునుంచి దొంగల పడవలు వచ్చాయి. ఓడలోవాళ్లు చాలామంది చచ్చిపోయారు. పైలట్‌కు ఒక్క గాయమూ కాలేదు. మర్నాడు ఒడ్డున దొరికింది పైలటూ, ఈ గుమాస్తా ఇద్దరే.

"మరి ఇతని తెలుగు వాళ్లకెలా అర్థమైంది?" అని అడిగాను.

"ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లు. ఒకడు తెలుగు నుంచి పోర్చుగీసుకి, ఇంకొకడు పోర్చుగీసు నుంచి డచ్చికి."

దీన్ని మా వృత్తిలో రిలే అంటాం. చేతులు మారే కొద్దీ మాట అరుగుతుంది. నాకు అక్కడే కాస్త ఇబ్బందిగా అనిపించింది.

"తర్వాత పైలట్ ఏమయ్యాడు?"

"నెక్స్ట్ పేజీలో ఉంది. దొంగలకు సైగ చేశాడని ఉరి తీశారు. రేవు ముఖద్వారం దగ్గర, వచ్చేపోయే ఓడలకి కనిపించేట్టు. ఈ గుమాస్తా సాక్ష్యమే అసలు ఆధారం."

అప్పుడు ఆ సంతకం మీదకి ఫోటోను పెద్దది చేసింది. పేజీ అడుగున, డచ్చి రాతకీ కాగితం అంచుకీ మధ్య ఉన్న కాస్త చోటులో, చీమల బారులా సన్నగా రెండు వరుసలు. గొలుసుకట్టు. చూడగానే మా నాన్న బల్ల గుర్తొచ్చింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.

"ఇది సంతకం కాదమ్మా" అన్నాను.

"కేటలాగ్‌లో 'స్థానిక లిపిలో సంతకం' అని ఉంది ఆంటీ. చూసినవాళ్లందరూ అలాగే రాశారు."

"వాళ్లలో తెలుగు వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

హ్వీ మిన్ నాకు కాగితం, పెన్ను తెచ్చి ఇచ్చింది.

గంటన్నర పట్టింది. ఒక్కో అక్షరాన్నీ వేరే కాగితం మీద దింపుకుంటూ, చోట్లు వదలని రాతలో మాట ఎక్కడ తెగుతుందో వెతుక్కుంటూ కూడబలుక్కున్నాను. అక్కడున్నది ఇదీ:

"దోనెవాడు గుడ్డ విసిరినది మమ్ము వెనుకకు మరలమని. నన్ను నీళ్లనుండి తీసినవాడు ఇతడే. ఈ కాగితం నాకు చదివి వినిపించలేదు. పాపన్న వ్రాలు."

ఇంగ్లీషులో చెప్పాను. నా పద్ధతి ప్రకారమే, "నన్ను నీళ్లలోంచి తీసింది ఇతనే" అని, నేనే పాపన్ననైనట్టు. హ్వీ మిన్ ఒక్కో మాటా రాసుకుంది. "ఓ మై గాడ్ ఆంటీ" అని మాత్రం అంది.

నన్ను ఎక్కువ కుదిపేసింది ఇంకో సంగతి. పైన డచ్చిలో ఉన్న సాక్ష్యంలో ఒక్క అబద్ధమూ లేదు. గుడ్డ తిప్పాడు, నిజం. తర్వాత పడవలు వచ్చాయి, నిజం. గాయం కాలేదు, నిజం. ఒడ్డున దొరికింది ఇద్దరే, అదీ నిజం. దుబాసీలు ఏ మాటా మార్చి ఉండకపోవచ్చు. అడిగినవాటికి పాపన్న జవాబులు చెప్పి ఉంటాడు, "ఎందుకు తిప్పాడు" అని ఎవరూ అడిగి ఉండరు. అంతా వరుసగా చదివి వినిపించి ఉంటే, తన జవాబులన్నీ కలిపి ఒక మనిషి మెడకు తాడవుతున్నాయని అతనికి అక్కడే తెలిసేది. చదవలేదు. కోర్టువారికి చదవడం రాని లిపిలో, ఎవడో ఒక తెలుగువాడు ఎప్పటికైనా చూస్తాడని రెండు వరుసలు రాసిపెట్టాడు. చూసేసరికి మూడు వందల ఏళ్లు దాటిపోయాయి, చూసిందేమో నేను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నాకు ఆ క్షణంలోనే లోకనాథం గుర్తొచ్చాడు.

లోకనాథం నావికుడు, కుర్రాళ్లు ఓడ ఉద్యోగాలకు వెళ్లే శ్రీకాకుళం జిల్లా తీరంవాడు. నలభై ఏళ్లుంటాయి. వాళ్ల సరుకు ఓడ ఇదే జలసంధిలో వెళ్తుంటే, తెల్లవారకముందు దొంగలు వెనక భాగం నుంచి ఎక్కి ఇంజన్ సామాన్లు ఎత్తుకుపోయారు. అక్కడ కాపలా ఉన్నది అతని ఊరివాడే, జోగారావు. ఏం కనిపించినా రేడియోలో బ్రిడ్జికి, అంటే ఓడ నడిపే గదికి, చెప్పడం కాపలావాడి పని. జోగారావే దొంగల్ని ఎక్కనిచ్చాడని కంపెనీకి అనుమానం. ఇద్దర్నీ ఓడ దించి బూన్ లే దగ్గర ఒక హాస్టల్లో పెట్టారు. విచారణ చేస్తున్న లాయరు ఆల్విన్, ఇంటర్‌ప్రెటర్ని నేను. నేను పాపన్న రాత చదవడానికి పన్నెండు రోజుల ముందు లోకనాథం స్టేట్‌మెంటు తీసుకున్నాం. ఏడు పేజీలు.

రీడ్ బ్యాక్ మొదలుపెట్టి రెండు పేజీలు చదివాను. లోకనాథం చేతులు జోడించి, "మీరు సదివీసినారు కదండి మేడమ్, సాలండి. మీకంటే మాకు ఎక్కువ తెలుసేటండి?" అన్నాడు. మనవాళ్లందరూ అలాగే అంటారు. చదువుకున్న ఆడమనిషి చదువుతుంటే ఇంకా వినిపించుకోవడం ఆమెను నమ్మకపోవడమే అని వాళ్ల మర్యాద. ఆ మర్యాదను పక్కనపెట్టి చదవడమే నా ఉద్యోగం. ఆ రోజు చదవలేదు. కారణం చెప్పాలంటే సిగ్గు. పొద్దుటినుంచి ఏమీ తినలేదు, హాకర్ సెంటర్లో నాకిష్టమైన చేపల సూప్ అంగడి ఆరింటికి కట్టేస్తారు. సంతకం పెట్టించి, "పూర్తిగా చదివి వినిపించాను" అని నేనూ సంతకం పెట్టి, సూప్ తాగి ఇంటికెళ్లాను. రుచిగానే ఉంది.

ఆల్విన్ రిపోర్టు ఆ శుక్రవారం కంపెనీకి వెళ్లాలి. అది జోగారావుకు వ్యతిరేకంగా ఉంటే అతని సీడీసీ రద్దు చేయమని రాస్తారు. సీడీసీ అంటే నావికుడి పుస్తకం. అది లేకపోతే ఏ ఓడా ఎక్కనివ్వదు. పోలీసు కేసు కూడా పెడతారని ఆల్విన్ అప్పటికే అన్నాడు. నేను హ్వీ మిన్ దగ్గరికి వెళ్లింది అదే వారం మంగళవారం.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన విని, "అందులో తప్పుందని నీకు తెలుసా?" అన్నాడు.

"తెలియదు. మిగతా అయిదు పేజీలు అతను విననే లేదు."

"తప్పు లేకపోతే? ఉత్తపుణ్యానికి పంతొమ్మిదేళ్ల పేరు పోగొట్టుకుంటావు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు."

ఆయన చెడ్డ మాట చెప్పలేదు. నా మీద ప్రేమతోనే చెప్పాడు. నేనూ నిజానికి అదే చెప్పుకుంటూ వచ్చాను ట్రైన్లో. కానీ ఎవరికీ తెలియదు అనగానే, ఆ రేవు కోర్టులో దుబాసీ కూడా అదే అనుకుని ఇంటికెళ్లి భోంచేసి ఉంటాడనిపించింది.

బుధవారం పొద్దున్నే ఆల్విన్‌కు ఫోన్ చేసి, పాపన్న రాత సంగతి చెప్పి, లోకనాథానికి స్టేట్‌మెంటు మళ్లీ చదివి వినిపించాలన్నాను.

"ఆంటీ, సర్టిఫికెట్ మీద మీ సంతకం ఉంది. పూర్తిగా చదివానని."

"అవును. అబద్ధం రాశాను. రెండు పేజీలే చదివాను."

"ఇది ఫైల్లో పెడితే మా ఫర్మ్ మిమ్మల్ని మళ్లీ పిలవదు. మిగతా ఫర్ములకూ తెలుస్తుంది. మీకర్థమవుతోందా?"

"అవుతోంది. శుక్రవారానికి ముందు అతన్ని పిలిపించు."

గురువారం పదింటికి లోకనాథం వచ్చాడు. ఈసారి మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. రెండో పేజీ తర్వాత మళ్లీ చేతులు జోడించబోయాడు. "చేతులు దించు. నీకు వినాలని లేకపోయినా నాకు చదవాలని ఉంది" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. అయిదో పేజీ వచ్చింది. నేను అతని గొంతుతోనే చదువుతున్నాను:

"వెనక భాగంలో కాపలా జోగారావుది. అతని దగ్గరున్న రేడియో పనిచేయడం లేదు. అతను బ్రిడ్జికి కబురు చేయలేదు. దొంగలు అతన్ని కొట్టలేదు. తర్వాత అలారం మోగింది."

లోకనాథం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఆగండాగండి మేడమ్. ఏటండి ఇది? ఇలగ రాసేస్తే జోగారావే సేయించినట్టుంటాది కదండి!"

"ఇవన్నీ నువ్వు చెప్పినవేనా, కాదా?"

"నాను సెప్పినవేనండి. గానీ అది అలగ కాదండి. రేడియో పాడయ్యింది నాదండి. ఛార్జింగ్ అయిపోనాది. నాను ముందరపక్క ఒక్కణ్ణీ ఉంటానని ఆడి రేడియో నాకిచ్చీసి, నా సచ్చిన రేడియో ఆడు పట్టుకెళ్లినాడు. ఆళ్లెక్కడం సూసి, రేడియో లేక, పరిగెట్టుకెళ్లి అలారం నొక్కింది ఆడేనండి. ఆళ్ల సేతికి సిక్కితే కదండి కొట్టడానికి!"

నేను ఒక్క మాట మింగకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆల్విన్ పెన్ను తీసి పేజీ అంచున రాసుకున్నాడు. "ఇది మొదట్లోనే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు. నేను తెలుగులో అడిగాను.

"అడగనేదు కదండి. అడిగినదానికే జవాబు సెప్పమన్నారు. రేడియో పనిసేస్తందా అన్నారు, నేదన్నాను. బ్రిడ్జికి సెప్పినాడా అన్నారు, నేదన్నాను. అలారం ఎవులు కొట్టినారని అడగనేదు." అని, ముందుకు వంగి ఆ పేజీ మీద వేలు పెట్టాడు. "ఛార్జింగ్ సూసుకోకపోడం నా తప్పండి. అది రాసీండి. నా ఉద్యోగం పోతే పోనీండి. ఆడిది పోకూడదు."

నాకు ఏడుపొచ్చింది. ఇంటర్‌ప్రెటర్ ఏడవకూడదు, అది కూడా ఒక సూత్రమే. ఆ రోజు అన్ని సూత్రాలూ పాటించలేకపోయాను.

ఓడల్లో రేడియోలకు నంబర్లుంటాయి, ఏది ఎవరిదో పుస్తకంలో రాస్తారు. ఆల్విన్ ఆ మధ్యాహ్నమే ఓడకు మెయిల్ పెట్టాడు. దాడి తర్వాత జోగారావు తిరిగిచ్చిన రేడియో లోకనాథం నంబరుదే అని జవాబొచ్చింది. స్టేట్‌మెంటు కొత్తగా టైపు చేశారు. ఎనిమిది పేజీలు. అదీ మొత్తం చదివాను. లోకనాథం సంతకం పెట్టి, దాని కింద ఇంకా ఏదో రాస్తూ ఉంటే నేను నా సంచీలో కళ్లజోడు పెట్టె వెతుక్కుంటున్నాను. ఏం రాశాడో చూడలేదు.

జోగారావు మీద ఫైలు మూసేశారు. అతను మళ్లీ ఓడెక్కాడు. లోకనాథానికి హెచ్చరిక రాసిచ్చి వదిలేశారు. నా సంగతి ఆల్విన్ చెప్పినట్టే జరిగింది. ఆ ఫర్మ్ నన్ను పిలవడం మానేసింది, తర్వాత ఇంకో రెండు కూడా. ఇప్పుడు ఎక్కువగా ఆస్పత్రుల పనే చేస్తున్నాను. మా ఆయన "చెప్పానా" అనలేదు, అది ఆయన మంచితనం. హ్వీ మిన్ లేబుల్ మార్చింది. పాపన్న రాసిన రెండు వరుసలూ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ గోడ మీద ఉన్నాయి. కోర్టు కాగితంలో పేరు కూడా సరిగా లేని ఆ పైలట్ గురించి కింద ఒక వాక్యం ఉంది.

ఈ కేసు నాకేం నేర్పింది అని అడిగితే, తప్పుడు మాటలతోనే అన్యాయం జరగాలని లేదని నేర్పింది. నిజాల్ని ఒక వరుసలో పేర్చి, చెప్పినవాడికి మళ్లీ చూపించకపోతే చాలు. ఎదుటివాడు "చాలు మేడమ్" అన్నప్పుడే నేను ఇంకో పేజీ తిప్పాలి. అంత పెద్ద సంగతి మా నాన్న బండివాడి అరుపుల మధ్య రోజూ చేసేవాడు, నాకు తెలుసుకోవడానికి ఉరికంబమెక్కిన మనిషి ఒకడు కావలసివచ్చింది.

ఆరు నెలల తర్వాత ఆల్విన్ ఫోన్ చేశాడు. పని ఇవ్వడానికి కాదు.

"ఆంటీ, ఆ ఓడ ఫైలు గోడౌన్‌కి పంపిస్తున్నాం. లోకనాథం సంతకం కింద తెలుగులో ఏదో ఉంది. మా క్లర్క్ ఇండెక్స్‌లో 'సిగ్నేచర్' అని రాసింది. మీరు చెప్పిన ఆ పాత ఓడ కథ గుర్తొచ్చి ఆపాను. ఫోటో పంపనా?"

పంపాడు. బిషాన్ స్టేషన్ మెట్ల మీద ఆగిపోయి, ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాను. బడిపిల్లాడిలా గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా, రెండు వరుసలు:

"ఈ కాగితం మేడం గారు నాకు అంతా చదివి వినిపించినారు. ఇందులో ఉన్నది నా మాటే."